డైపరు మీద నా పంతం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏఎన్ఎం అమ్మాయిలు అప్పుడప్పుడు హిందూపురంలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగాక, "మేడమ్, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అని అడుగుతారు. వాళ్ళు ఎదురుచూసేది ఏమిటో నాకు తెలుసు. ఆగిపోయిన బస్సులో కాన్పు చేశాననో, వంక పొంగితే మోకాలి లోతు నీళ్ళలో టీకాల పెట్టె నెత్తిన పెట్టుకుని దాటాననో చెప్పాలి. అలాంటివి నా దగ్గరా నాలుగైదు ఉన్నాయి. చెప్పి చెప్పి వంకలో నీళ్ళు నడుము దాకా పెంచేశాను కూడా. కానీ నిజంగా మరిచిపోలేనిది ఏదని అడిగితే, ధర్మవరంలో మూడున్నర నెలల పాప పిర్రలు అని చెప్పాలి. ఈ మాట అనగానే అమ్మాయిలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుతారు. నవ్వనీ. నేనూ నవ్వాను, కాకపోతే చాలా ఆలస్యంగా.

ముప్పై ఏళ్ళకు పైగా చేశాను. మొదట రొళ్ల, తర్వాత చాలాకాలం పెనుకొండ, చివరి మూడేళ్ళు ధర్మవరం. రిటైరయ్యే వయసులో కొత్త ఊరికి వెయ్యడం నాకు బొత్తిగా నచ్చలేదు. రోజూ పొద్దున హిందూపురంలో రైలెక్కి, పెనుకొండ రాగానే నన్ను గుర్తుపట్టే ముఖం ఒక్కటైనా కనిపిస్తుందేమోనని కిటికీలోంచి చూసేదాన్ని. పెనుకొండలో నేను సందు మొదట్లో కనిపిస్తే చాలు, తల్లులు పాలసీసాలు దాచేసేవాళ్ళు. ధర్మవరంలో నన్ను చూసి ఎవరూ ఏమీ దాచలేదు. మగ్గాల చప్పుడులో నా మాట ఎవరికీ సరిగ్గా వినిపించేది కాదు. అందుకని ఇంకొంచెం గట్టిగా మాట్లాడటం అలవాటు చేసుకున్నాను.

ఆ రోజుల్లో నా యుద్ధమంతా డైపర్ల మీదే. అంగన్‌వాడీలో తల్లుల సమావేశం అంటే నాకు పండగ. ఒక చేత్తో పాత పంచె ముక్క, ఇంకో చేత్తో డైపరు పట్టుకుని అరగంట తక్కువ కాకుండా మాట్లాడేదాన్ని. మా కాలంలో పిల్లలు గుడ్డల్లోనే పెరిగారనీ, ఒక్కరికీ ఒళ్ళు కందలేదనీ చెప్పేదాన్ని. మా పెద్దవాడికి ఆరు నెలలప్పుడు పిర్రలు ఎర్రగా కంది వారం రోజులు ఏడ్చాడన్న సంగతి ఉపన్యాసంలో చేర్చలేదు.

నాతో తిరిగే ఆశా కార్యకర్త ఆ పాప ఉన్న వీధి కోడలే. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది, నోరు మాత్రం నాకంటే పెద్దది. "ఏందక్కా, డైపర్లు అమ్మే అంగడి వస్తే మొకం ఆ పక్కకు తిప్పుకోని పోతాండావు. వాళ్ళేమన్నా నీ ఆస్తి రాయించుకున్నారా?" అనేది.

చిన్నవాళ్ళు చదువుతున్నారు కాబట్టి ఒకమాట ఇక్కడే చెప్పేస్తాను. డైపరులో తప్పేమీ లేదు, గుడ్డలో గొప్పేమీ లేదు. తడిసినదాన్ని గంటల తరబడి ఒంటికి అంటిపెట్టి ఉంచితే రెండింటితోనూ చర్మం కందుతుంది. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదని కాదు. అది చెబితే నా ఉపన్యాసం రెండు నిమిషాల్లో అయిపోతుంది, అందుకని చెప్పేదాన్ని కాదు.

ఇక ఆ ఇల్లు. ముందు గదిలో రెండు మగ్గాలు, ఒకదాని మీద మొగుడు, ఒకదాని మీద పెళ్ళాం. ఆ అమ్మాయిది కనగానపల్లి దగ్గర గొర్రెలు మేపుకునే ఇల్లు. పెళ్ళయ్యాకే మగ్గం నేర్చుకుని, ఏడాది తిరక్కుండా మొగుడికంటే నున్నగా నేయసాగిందని వీధిలో చెప్పుకునేవాళ్ళు. అత్త పెరట్లోని రేకుల షెడ్డులో పచ్చి పట్టు ఉడకబెట్టేది. పచ్చి పట్టు నూలుకు జిగురు ఉంటుంది. పెద్ద డేక్సాలో సబ్బు, సోడా వేసిన నీళ్ళు మరిగించి, అందులో ఉడికిస్తే జిగురు పోయి పట్టు మెత్తబడుతుంది. వీధిలో సగం ఇళ్ళ పట్టు ఆమె చేతుల మీదుగానే మగ్గం ఎక్కేది.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు మగ్గం పక్కన చీర ఉయ్యాలలో పాప ఉంది. గడప దాటకముందే నా కళ్ళు గూట్లో ఉన్న డైపర్ల ప్యాకెట్టు మీద పడ్డాయి. పాపకు కింద కొంచెం ఎర్రగా ఉందని ఆశా కార్యకర్త దారిలోనే చెప్పింది. నాకు ఇంకేం కావాలి?

"ఏమ్మా, పసిబిడ్డకు ప్లాస్టిక్కు చుట్టి పెడితే ఎర్రగా కాక ఏమైతాది?" అన్నాను నిలబడే.

"మగ్గం మీద ఉన్నప్పుడు మాత్రమే మేడమ్" అంది ఆ అమ్మాయి. కాళ్ళు మగ్గం కింది గుంతలో ఉన్నాయి, చేతిలో పోగును అటూ ఇటూ విసిరే నాడె ఉంది. "గుంతలోనుంచి మాటిమాటికీ లేసేకి కాదు."

"నీ చీర ఒక దినం ఆలస్యమైతే కొంపేం మునగదు. పాప ఒళ్ళు ముఖ్యమా, చీర ముఖ్యమా?"

అత్త పెరట్లోంచి వచ్చి నిలబడింది. "అట్ల గడ్డి పెట్టండి మేడమ్. నేను చెప్తే ఇనేదే లేదు" అంది సంబరంగా.

ఆమె సంబరం చూసి నాకు ఇంకా ఊపు వచ్చింది. పాత పంచెలు చింపి గోచీగుడ్డలు చేయమన్నాను. బాగా ఉడకబెట్టి ఉతకమన్నాను, లేకపోతే క్రిములు చావవన్నాను. ఉడకబెట్టమన్న మాట మూడుసార్లు చెప్పి ఉంటాను. "ఉడకబెట్టేది మాకు కొత్తా మేడమ్!" అని అత్త నవ్వింది. నేనూ నవ్వి, పుస్తకంలో టిక్కు పెట్టుకుని బయటపడ్డాను. పాపను ఉయ్యాలలోంచి ఎత్తుకోలేదు. డైపరు విప్పి చూడలేదు.

పది రోజుల తర్వాత ఆశా కార్యకర్త చెప్పింది. "అక్కా, ఆ పాపకు ఎక్కువైంది. గుడ్డ తగిలితే చాలు ఏడుస్తాంది."

మళ్ళీ వెళ్ళాను. డైపర్ల ప్యాకెట్టు లేదు. పెరట్లో తాడు మీద ఇరవై గుడ్డలు తెల్లగా ఆరుతున్నాయి. నా మాట నెగ్గిన ఇల్లు ధర్మవరంలో అదొక్కటే, అందుకని ఆ తాడును చూసి నాకు కళ్ళు చల్లబడ్డాయి. తల్లి పాపను ఒడిలో పెట్టుకుని గుడ్డ పక్కకు తీసి చూపించింది. పిర్రలు ఎర్రగా కంది, ఒకచోట పొర లేచింది. తడి గుడ్డ వెంటనే మార్చడం లేదని తేల్చేసి, తల్లిని మందలించాను. పౌడరు మానేయమన్నాను, అదొక్కటే నేను చెప్పిన మంచి ముక్క. గుడ్డలు ఇంకాసేపు ఉడకబెట్టమని అత్తకు చెప్పాను. రైలు టైమయ్యేదాకా చెబుతూనే ఉన్నాను.

ఆ తర్వాత జరిగింది నాకు ఆశా కార్యకర్త ముక్కలు ముక్కలుగా చెప్పింది. డైపరు తీసేశారు, గుడ్డలు వేశారు, అయినా తగ్గలేదు కాబట్టి తప్పు తల్లిపాలదేనని అత్త నిర్ణయించింది. పాలు వేడి చేశాయి, ఆ వేడి కిందనుంచి పోతూ పాపను కాలుస్తోంది అని ఆమె లెక్క. కోడలికి పత్యం పెట్టింది. పప్పు లేదు, గుడ్డు లేదు, శెనక్కాయల చట్నీ లేదు, రెండు పూటలా మజ్జిగన్నం. పొద్దంతా మగ్గం నేసే మనిషి, పాలిచ్చే తల్లి, రెండు వారాలు మజ్జిగన్నం మీదే ఉంది. పాలు తగ్గాయి. పాప ఆకలికి ఏడిస్తే అది కూడా వేడి ఖాతాలోనే పడింది.

"శుక్రవారం ఆ యమ్మిని కనగానపల్లికి పంపిస్తారంట అక్కా" అంది ఆశా కార్యకర్త. ఆ రోజు ఆమె గొంతులో ఎగతాళి లేదు. "పాల వేడి దిగేదాకా పుట్టింట్లో ఉండల్లంట. పాపను ఈడనే పెట్టుకోని డబ్బా పాలు పడతారంట. డబ్బా కూడా తెచ్చినారు."

మూడున్నర నెలల పిల్ల. తల్లి పది రోజులు దూరమైతే పాలు ఎండిపోతాయి, మళ్ళీ రావడం కష్టం. ఇదంతా ఒక డైపరు ప్యాకెట్టు చూసి నేను గడప దగ్గర చేసిన ఉపన్యాసంతో మొదలైంది.

గురువారం మా ఆరోగ్య కేంద్రంలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. మా అమ్మాయి ఈడుది, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. అంతవరకు ఆమెను నేనేదీ అడిగి ఎరగను, చెప్పడమే. ఇప్పుడు జరిగినదంతా చెప్పాను.

"తొడ మడతల్లో ఎర్రగా ఉందా సిస్టర్?" అని అడిగింది.

"పిర్రలంతా ఉంది మేడమ్."

"అది కాదు. మడతల లోపల? అక్కడ కూడా ఎర్రగా ఉండి, చుట్టూ చిన్న చిన్న పొక్కులుంటే ఫంగస్ అనుకోవచ్చు, దానికి మందు వేరు. మడతలు బాగుండి పైపైన మాత్రమే ఉంటే, చర్మానికి గిట్టనిదేదో తగులుతోందన్నమాట. మీరు చూశారు కదా?"

నేను నేల చూశాను. "డైపరు చూశాను మేడమ్."

డాక్టరమ్మ నవ్వు ఆపుకోవడానికి పెన్ను మూత నోట్లో పెట్టుకుంది. "డైపరుకు జబ్బు రాదు సిస్టర్. రేపు పాపను చూసి రండి. జ్వరముంటే, చీము కనిపిస్తే, ఫంగస్‌లా అనిపిస్తే వెంటనే నా దగ్గరికి పంపండి" అంది. నా సర్వీసంతటిలో నేను విన్న అతి చిన్న ఉపన్యాసం అదే.

శుక్రవారం ముందు రైలుకే దిగాను. స్టేషన్ నుంచి ఆటోలో నేరుగా ఆ ఇంటికే వెళ్ళాను. ఆశా కార్యకర్త వీధి చివర నాకోసం నిలబడి ఉంది. మొగుడు బండి బయటకు తీసి తుడుస్తున్నాడు, పెళ్ళాన్ని బస్టాండుకు తీసుకెళ్ళడానికి. గడప పక్కన చేతిసంచి ఉంది. గూట్లో డైపర్లు ఉన్నచోట ఇప్పుడు పాలడబ్బా ఉంది. ఆ అమ్మాయి ఊరికి కట్టుకునే చీర కట్టుకుని, పాపను భుజాన వేసుకుని గోడకు ఆనుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆ పూటకు ఆపినట్టుంది.

నేను చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, వాకిలి వెలుతురులో నేల మీద కూర్చున్నాను. ఆ ఇంట్లో కూర్చోవడం అదే మొదటిసారి. "పాపను నా ఒళ్ళో పెట్టు తల్లీ" అన్నాను.

గుడ్డ విప్పి, కాళ్ళు మెల్లగా ఎత్తి చూశాను. తొడల మడతలు లోపల తెల్లగా, చక్కగా ఉన్నాయి. పొక్కులు లేవు, చీము లేదు, ఒళ్ళు వెచ్చగా లేదు. గుడ్డ ఒరుసుకున్నచోట మాత్రం గీత గీసినట్టు ఎరుపు. పిర్రల మీద, పొత్తికడుపు మీద, నడుం దగ్గర ముడి వేసేచోట. పైకి చూస్తే గడ్డం కింద కూడా ఒక ఎర్రటి పట్టీ ఉంది.

"ఈడేమయింది?"

"పాలు కక్కుతాంది కదా మేడమ్, అందుకే మెడకు కూడా ఆ గుడ్డే కడతాండాం" అంది తల్లి.

"చూస్తిరా మేడమ్!" అంది అత్త. "పాలు తగిలిన చోటంతా ఎట్ల కాలిందో! నేను చెప్తే ఎవరూ నమ్మలేదు."

ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది. మళ్ళీ పాప ముఖం చూశాను. "పాలు మొట్టమొదట తగిలేది యాడ అమ్మా?" అన్నాను. "పెదాలకు కదా? చూడు, ఎంత బాగుండాయో. నాలుక చూడు. కాలిందంతా గుడ్డ తగిలిన చోటే."

తాడు మీదినుంచి బాగా ఎండిన గుడ్డ ఒకటి తెమ్మన్నాను. బక్కెట్టులో తాగే నీళ్ళు పోయించి, గుడ్డ ముంచి నాలుగుసార్లు పిసికాను. నీళ్ళు తెల్లబడ్డాయి. బక్కెట్టు అంచులదాకా నురుగు లేచింది. నా వేళ్ళు జారసాగాయి. ఉతికి, ఆరేసి, మడత పెట్టబోయే గుడ్డలో ఉతకడానికి సరిపడా సబ్బు ఉంది.

"దేంట్లో ఉతుకుతాండారు ఇవి?" అన్నాను. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న.

అత్త ఏ దాపరికమూ లేకుండా చెప్పింది. "మీరే కదా మేడమ్ బాగా ఉడకబెట్టమంటిరి. పట్టు తీసినాక ఆ నీళ్ళు అట్లే సలసల కాగుతాంటాయి. దాంట్లోనే ఏస్తాండా. మీరు ఇంకాసేపు అంటిరని గంటసేపు పెడతాండా. నార మాదిరుండే పట్టు ఆ నీళ్ళలో ఎన్నపూస మాదిరి అయితాది. పాప గుడ్డ కూడా అట్ల మెత్తగా..."

అక్కడ ఆగిపోయింది. బక్కెట్టు వైపు చూసింది.

"జాడించేది?"

"కొళాయి మూడు దినాలకొకసారి వస్తాది మేడమ్. ఒక్క నీళ్ళలో ముంచి ఆరేస్తాండా" అంది, గొంతు తగ్గించి. తర్వాత తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. "నా చేతులకు ఏం కాలేదే?"

"నీ చేతులు ముప్పై ఏండ్లుగా ఆ నీళ్ళు చూసినాయి తల్లీ. పాప చర్మానికి మూడు నెలలు."

ఆమె అక్కడే కూలబడింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మనవరాలికి పట్టంత మెత్తటి గుడ్డ వేయాలని తనకు తెలిసిన విద్యంతా పెట్టి, రోజుకు ఇరవై గుడ్డలు తన చేత్తోనే ఉడకబెట్టింది. ఆమెను చూస్తే నాకు కోపం రాలేదు. నా మీద మాత్రం చాలా వచ్చింది.

మొగుడు బండి వదిలేసి గడపలో నిలబడ్డాడు. ఇద్దరు ముగ్గురు పక్కింటి ఆడవాళ్ళు కూడా చేరారు. అందరూ అత్త వైపు చూస్తున్నారు. ఇంకో నిమిషం నేను ఊరుకుంటే నేరమంతా ఆమె నెత్తినే స్థిరపడిపోతుంది, నేను తప్పు పట్టుకున్న నర్సమ్మనై దర్జాగా బయటపడతాను. ఆ ఆలోచన నాకు రాలేదని చెబితే అబద్ధం.

"ఉడకబెట్టమనింది నేను" అన్నాను. "దేంట్లో అని అడగలేదు. పాపను చూడకుండా డైపరు చూసి చెప్పినాను. ఈ యమ్మి పాలల్లో ఏమీ లేదు, బంగారం మాదిరి పాలు. పాప ఆకలికి ఏడుస్తాంది, తల్లికి తిండి లేక పాలు తగ్గినాయి. తప్పు నాది."

ముప్పై ఏళ్ళలో ఆ చివరి రెండు మాటలు నలుగురి ముందు ఎన్నడూ అనలేదు. ఆశా కార్యకర్త నావైపు చూసి, ఒక్క ఎగతాళి కూడా చేయకుండా తల దించుకుంది. నా పరిస్థితి ఎంత ఘోరంగా ఉందో దానితోనే అర్థమైంది.

మొగుడు చేతిసంచి ఎత్తి లోపల పెట్టాడు. ఆ అమ్మాయి పాపను నా ఒళ్ళోంచి తీసుకుని, అటు తిరిగి కూర్చుని పాలు పట్టింది. కాసేపటికి అత్త కళ్ళు తుడుచుకుని వంటింట్లోకి వెళ్ళింది. పళ్ళెంలో సంగటి ముద్ద, గుంట చేసి అందులో పప్పు, పక్కన శెనక్కాయల చట్నీ, ఉడికిన గుడ్డు పెట్టుకొచ్చి కోడలి ముందు దించింది. "తిను" అంది. ఆ అమ్మాయి ఒక చేత్తో పాపను పట్టుకుని, ఇంకో చేత్తో ముద్ద తుంచి తిన్నది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు, కానీ అత్త రెండో ముద్ద అడక్కుండానే తెచ్చింది.

తర్వాత వైద్యం పెద్దదేమీ కాదు. ఉన్న గుడ్డలన్నీ మంచినీళ్ళలో నురుగు పోయేదాకా జాడించారు. నీళ్ళు చాలకపోతే పక్కింటివాళ్ళు రెండు బిందెలు ఇచ్చారు. పాప కింద గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, రుద్దకుండా అద్ది, రోజులో కాసేపు ఏమీ కట్టకుండా గాలికి వదలమన్నాను. డాక్టరమ్మ ఇచ్చిన జింకు పూత మందు మార్చినప్పుడల్లా రాశారు. తల్లి మగ్గం మీద ఉన్నంతసేపు డైపరు, రెండు మూడు గంటలకొకసారి మార్చేలా. మిగతా వేళల్లో గుడ్డ. డైపరు వేయమని నా నోటితో నేనే చెప్పాను. ఆశా కార్యకర్త ఆ మాట నా చేత రెండుసార్లు చెప్పించుకుని విన్నది.

వారం తిరిగాక వెళ్ళాను. పాప పిర్రలు మెత్తగా, మామూలు రంగులో ఉన్నాయి. ఈసారి ముందు వాటినే చూశాను. ఆ అమ్మాయి మగ్గం మీద ఉంది. అత్త పెరట్లో పట్టు తిప్పుతోంది. వెళ్ళబోతూ, మనసులో తొలుస్తున్నది ఆ అమ్మాయిని అడిగేశాను.

"పొద్దస్తమానం పట్టు పట్టుకునే చేతులు కదమ్మా నీవి. ఆ గుడ్డల్లో పట్టు నీళ్ళ వాసన నీకు తెలీలేదా?"

"తెలిసింది మేడమ్."

"మరి నాకు చెప్పలేదే?"

"చెప్తిని" అంది, నాడె విసురుతూనే. "మీరు రెండోసారి వచ్చినప్పుడే చెప్తిని. వాసన చూడండి మేడమ్ అని గుడ్డ మీ చేతికి కూడా ఇస్తిని."

"నేనేమన్నాను?"

"మీరు మాట్లాడతా ఉంటిరి మేడమ్."

ఆ గొంతులో కోపం లేదు. రైలు లేటు అన్నంత మామూలుగా అంది. కోపంగా అని ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఆ రోజు నేను చెప్పింది మొదటినుంచి చివరిదాకా ఇప్పటికీ అప్పజెప్పగలను. ఆమె గుడ్డ అందించడం మాత్రం ఎంత తవ్వినా గుర్తు రాలేదు.

"ఇంకా ఏమన్నా చెప్పినావా తల్లీ, నేను ఇననివి?" అని అడిగాను.

ఆ అమ్మాయి మగ్గం ఆపింది. నన్ను కాసేపు చూసి నవ్వింది.

"చానా ఉండాయి మేడమ్. కూర్చుంటారా?"

రైలు టైమైంది. కూర్చున్నాను.